వైద్య భౌతికశాస్త్రంలో పీజీ: కోర్సు పేరు చూసి చేరితే చాలదు

2010 ఏప్రిల్‌లో పశ్చిమ ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారుకు చెందిన ఒక వ్యాపారి చర్మం నల్లబడి, జుట్టు రాలిపోతున్న స్థితిలో ఆసుపత్రిలో చేరాడు. ఇది రేడియేషన్ పనేమోనని వైద్యులకు అనుమానం వచ్చింది. కబురు అందుకున్న అణుశక్తి నియంత్రణ మండలి అధికారులు కొలత పరికరాలతో బజారుకు వెళ్లి చూస్తే, తుక్కు కుప్పల్లో కోబాల్ట్-60 దొరికింది. ఆరా తీస్తే అది ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగానికి చెందిన గామా సెల్ అని తేలింది. ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్న ఆ పరికరాన్ని ఆ ఏడాది ఫిబ్రవరిలో వేలంలో అమ్మేశారు. లోపల ఏముందో తెలియని కార్మికులు దాన్ని విప్పి ముక్కలు చేశారు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అంతర్జాతీయ అణు ఘటనల కొలమానంలో దీన్ని 4వ స్థాయిగా లెక్కించారు.

కోబాల్ట్-60 అర్ధజీవితం 5.27 ఏళ్లు. అంటే నాలుగు దశాబ్దాల కిందట కొన్న ఆ మూలకం బలం దాదాపు రెండు వందలో వంతుకు తగ్గిపోయి ఉంటుంది. అయినా ఒక ప్రాణం తీసింది. ఇదే కోబాల్ట్-60ను, ఇంతకంటే ఎన్నో రెట్లు బలంగా ఉన్నప్పుడు, క్యాన్సర్ ఆసుపత్రుల్లో టెలిథెరపీ యంత్రాల్లో వాడతారు. రోగి దాని కింద ప్రతిరోజూ పడుకుని, నిమిషమో రెండు నిమిషాలో ఉండి, లేచి ఇంటికి వెళతాడు. అతనికి సరిపడా కిరణాలే అందాయని చెప్పి సంతకం పెట్టే మనిషి ఒకరు ఆ విభాగంలో ఉండాలి. ఆ మనిషి డాక్టరు కాదు, యంత్రం నడిపే టెక్నాలజిస్టు కూడా కాదు. మెడికల్ ఫిజిసిస్ట్, అంటే వైద్య భౌతికశాస్త్రవేత్త.

భారత్‌లో 2022లో కొత్తగా సుమారు 14 లక్షల మందికి క్యాన్సర్ వచ్చినట్లు గ్లోబోకాన్ అంచనా. క్యాన్సర్ రోగుల్లో దాదాపు సగం మందికి ఏదో ఒక దశలో రేడియేషన్ చికిత్స అవసరమవుతుందని వైద్యరంగంలో చాలాకాలంగా ఉన్న లెక్క. ఈ చికిత్సా విభాగాలు పెరుగుతున్నకొద్దీ వైద్య భౌతికశాస్త్రంలో పీజీ చేయాలనుకునే విద్యార్థులూ పెరుగుతున్నారు. ఢిల్లీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులకు, ముఖ్యంగా తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే శ్రీ వెంకటేశ్వర కళాశాల వంటి చోట్ల బీఎస్సీ ఫిజిక్స్ చదివేవారికి, ఈ దారి ఆకర్షణీయంగానే కనిపిస్తుంది. భౌతికశాస్త్రం వదులుకోనక్కర్లేదు, పని నేరుగా మనుషులకు ఉపయోగపడుతుంది, ఉద్యోగమూ దొరుకుతుంది. చిక్కంతా కోర్సు ఎంచుకోవడంలోనే ఉంది. ఇక్కడ పొరపడితే డిగ్రీ చేతికి వచ్చినా ఆ సంతకం పెట్టే హక్కు రాదు.

రోజూ చేసే పని

ముందుగా పనేమిటో తెలిస్తే, చదువులో ఏం ఉండాలో అడగడం తేలిక. కణితికి 30 రోజుల్లో, రోజుకు 2 గ్రేల చొప్పున 60 గ్రేల కిరణ మోతాదు ఇవ్వాలని రేడియేషన్ ఆంకాలజిస్టు రాస్తారు. ఆ 2 గ్రేలు కణితికే అంది, పక్కనున్న వెన్నుపాముకో ఊపిరితిత్తికో వీలైనంత తక్కువ తగిలేలా కంప్యూటర్‌లో ప్రణాళిక తయారవుతుంది. ఆ ప్రణాళికను పరిశీలించడం, యంత్రం నిజంగా అంతే ఇస్తోందా అని కొలవడం భౌతికశాస్త్రవేత్త బాధ్యత. ఆసుపత్రి నుంచి రోగి దాకా వచ్చేసరికి మోతాదులో తేడా 5 శాతం దాటకూడదన్నది 1970ల నుంచి ఈ రంగం పెట్టుకున్న గీత. అందులో యంత్రం తేడా, ప్రణాళిక తేడా, రోగి పడుకోవడంలో తేడా అన్నీ ఇమిడిపోవాలి.

యంత్రాన్ని కొలిచే పద్ధతి చూడడానికి సాదాగా ఉంటుంది. నీళ్లు నింపిన పారదర్శక తొట్టెలో, ఉపరితలం నుంచి 10 సెంటీమీటర్ల లోతున, చిటికెన వేలు కొనంత గాలి గదిని ఉంచుతారు. దీన్ని అయాన్ ఛాంబర్ అంటారు. 10 సెంటీమీటర్ల చదరపు కిరణపుంజం దాని మీద పడగానే లోపలి గాలి అయనీకరణం చెందుతుంది. అక్కడ పుట్టిన విద్యుదావేశాన్ని ఎలక్ట్రోమీటర్ లెక్కిస్తుంది. మనిషి శరీరంలో ఎక్కువ భాగం నీరే కాబట్టి, నీటిలో కొలిచిన మోతాదు శరీరానికి దగ్గరగా ఉంటుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2000లో ప్రచురించి, తర్వాత సవరించిన ఆచరణ నియమావళి ప్రపంచమంతటా దీనికి ఆధారం.

ఇందులో మెలిక ఆ గాలి దగ్గరే ఉంది. ఛాంబర్‌లోని గాలికి బయటి గాలితో సంబంధం ఉంటుంది. ఉష్ణోగ్రత పెరిగితే గాలి పలచబడుతుంది, పీడనం తగ్గినా పలచబడుతుంది. పలచబడ్డ గాలిలో పుట్టే ఆవేశం తక్కువ. అందుకే చదివిన అంకెను 20 డిగ్రీల సెల్సియస్‌కూ, 101.325 కిలోపాస్కల్ పీడనానికీ సరిచేయాలి. గది 25 డిగ్రీలుంటే ఒక్క ఉష్ణోగ్రత వల్లే 1.7 శాతం తేడా వస్తుంది. ఢిల్లీ సముద్రమట్టానికి సుమారు 215 మీటర్ల ఎత్తున ఉంది. కాబట్టి విశాఖపట్నంలో పెట్టిన ఛాంబర్‌నే ఢిల్లీకి తెచ్చి, అదే పుంజం కింద ఉంచితే దాదాపు రెండున్నర శాతం తక్కువ చూపుతుంది. బారోమీటర్ చూడకుండా ఫోన్‌లోని వాతావరణ యాప్‌లో పీడనం చూసి లెక్కవేస్తే ఇంకో ప్రమాదం. యాప్‌లు మామూలుగా సముద్రమట్టానికి సవరించిన పీడనాన్నే చూపుతాయి, గదిలో ఉన్న పీడనాన్ని కాదు. అలా చేస్తే ఛాంబర్ తక్కువ చూపిన విషయం తెలియదు. యంత్రమే తక్కువ ఇస్తోందని భావించి దాన్ని పెంచుతారు. ఆ రోజు నుంచి వచ్చే ప్రతి రోగికీ రెండున్నర శాతం ఎక్కువ అందుతుంది. ఉన్న 5 శాతంలో సగం అక్కడే ఖర్చయిపోయిందన్నమాట.

ఇది పుస్తకంలో ఒక సూత్రం. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. కానీ తడి చేతులతో తొట్టె సరిచేసి, థర్మామీటరూ బారోమీటరూ చదివి, పదిసార్లు కొలిస్తే గానీ ఎక్కడ తప్పు దొర్లుతుందో బుర్రకెక్కదు. ఏ కోర్సు మంచిదో తేల్చేది సిలబస్ కాదు, ఈ పదిసార్లు కొలిచే అవకాశం ఉందా లేదా అన్నదే.

1996 ఆగస్టులో కోస్టారికా రాజధాని సాన్ హోసేలోని ఒక ఆసుపత్రిలో కోబాల్ట్ మూలకాన్ని మార్చి, కొత్తదాని మోతాదు రేటు కొలిచారు. టైమర్‌లో 0.3 నిమిషం ఉంది. అంటే 18 సెకన్లు. లెక్కలో దాన్ని 30 సెకన్లుగా తీసుకున్నారు. 18 సెకన్లలో వచ్చిన కిరణాలు 30 సెకన్లలో వచ్చినట్లు లెక్కవేస్తే, మూలకం ఉన్నదానికంటే బలహీనంగా కనిపిస్తుంది. దాంతో చికిత్స సమయాలు పెంచారు. 115 మంది రోగులకు ఉండాల్సినదానికంటే సగానికి పైగా ఎక్కువ మోతాదు అందింది. కొందరు ఆ కారణంగా చనిపోయారు. లెక్క ఏడో తరగతి స్థాయిది. దాన్ని వేరే మనిషి, వేరే పద్ధతిలో మళ్లీ సరిచూసే అలవాటు అక్కడ లేకపోవడమే అసలు కారణం. ఆ అలవాటు తరగతి గదిలో పట్టుబడదు, ఆసుపత్రిలో ఏడాదిపాటు ఒక అనుభవజ్ఞుడి వెనక తిరిగితేనే పట్టుబడుతుంది. భారత నియమాలు ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేయడం వెనక ఉన్నది ఇదే.

రెండు దారులు, ఒకటే గేటు

రేడియేషన్ చికిత్సలో పనిచేసే భౌతికశాస్త్రవేత్తకు ఏ అర్హత ఉండాలో భారత్‌లో ఆసుపత్రి ఇష్టానికి వదిలేయలేదు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి తన భద్రతా నియమావళిలో దాన్ని నిర్ణయించింది. దాని ప్రకారం దారులు రెండు. మొదటిది, భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, ఆపై రేడియలాజికల్ ఫిజిక్స్‌లో లేదా మెడికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా చేయడం. రెండోది, భౌతికశాస్త్రం ఒక ప్రధాన సబ్జెక్టుగా బీఎస్సీ చేసి, నేరుగా మెడికల్ ఫిజిక్స్‌లో లేదా రేడియలాజికల్ ఫిజిక్స్‌లో పీజీ చేయడం. ఏ దారిలో వచ్చినా, సరైన సదుపాయాలున్న గుర్తింపు పొందిన రేడియేషన్ చికిత్సా విభాగంలో కనీసం 12 నెలల ఇంటర్న్‌షిప్ పూర్తిచేయాలి. విభాగంలో రేడియేషన్ భద్రతాధికారి కావాలంటే దానికి తోడు ప్రత్యేక అర్హత పరీక్ష నెగ్గాలి. ఆ అధికారి లేకుండా చికిత్సా యంత్రం నడపడానికి అనుమతి ఉండదు. ఆసుపత్రులు ఈ అర్హతకు విలువ ఇచ్చేది ఇందుకే.

మొదటి దారిలో దేశంలో పాత పేరు ముంబైలోని బాబా అణు పరిశోధన కేంద్రానిది. అక్కడి ఏడాది డిప్లొమా 1962 నుంచి నడుస్తోంది. ఆరంభంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారం ఉంది, ఇప్పుడు పట్టా హోమీ బాబా జాతీయ సంస్థ ఇస్తుంది. ప్రవేశం పోటీ పరీక్ష ద్వారానే. దేశంలో కిరణ మోతాదు కొలతలకు ప్రమాణాలు నిలిపే ప్రయోగశాలలు ఉన్నది అక్కడే. ఆసుపత్రుల్లోని ఛాంబర్లు సరిగ్గా చూపుతున్నాయా అని తేల్చుకోవడానికి చివరికి చూసేదీ ఆ ప్రమాణాలవైపే. ఆ గోడల మధ్య ఏడాది గడపడం వేరు. రెండో దారిలో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ తెలుగువారికి దగ్గర. ఢిల్లీలో ఉన్నవారికి చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం రాత్రి రైలు కూడా అక్కర్లేనంత దూరంలోనే ఉంది.

బీఎస్సీ తర్వాత లెక్కేస్తే మొదటి దారికి ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు, రెండోదానికి మూడేళ్లు. ఒక ఏడాది మిగులుతుందని చాలామంది రెండోదానివైపు మొగ్గుతారు. అది తప్పు కాదు. కానీ ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేతిలో ఉంటే నెట్, పరిశోధన, అధ్యాపక ఉద్యోగం అన్నీ తెరిచే ఉంటాయి. ఎమ్మెస్సీ మెడికల్ ఫిజిక్స్ చేసినవారు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ కావాలని స్పష్టంగా అడిగే ప్రకటన దగ్గర ఆగిపోవాల్సి రావచ్చు. ఆసుపత్రి వాతావరణం తనకు పడుతుందో లేదో ఇంకా తెలియని ఇరవై ఏళ్ల విద్యార్థికి నాలుగేళ్ల దారే మేలు. నొప్పితో వచ్చే రోగులను రోజూ చూడటం అందరికీ అలవాటయ్యే సంగతి కాదు. ఆ సంగతి ముందే తేల్చుకున్నవారికి మాత్రం మూడేళ్ల దారి హాయి.

పేర్లలో మోసం, నిజానికి మోసం కాదు

ప్రవేశాల కాలంలో ఢిల్లీ పరిసరాల్లో, నోయిడా నుంచి గురుగ్రామ్ దాకా, ప్రైవేటు విశ్వవిద్యాలయాల ప్రకటనలు మెట్రో స్తంభాల మీద వరసగా కనిపిస్తాయి. వాటిలో రేడియాలజీ, ఇమేజింగ్, న్యూక్లియర్, బయోమెడికల్ అన్న మాటలుంటాయి. రేడియోథెరపీ టెక్నాలజీ చదివినవారు చికిత్సా యంత్రాన్ని నడుపుతారు, రోగిని సరైన స్థితిలో పడుకోబెడతారు. మెడికల్ ఇమేజింగ్ టెక్నాలజీ చదివినవారు సీటీ, ఎమ్మారై తీస్తారు. న్యూక్లియర్ మెడిసిన్ టెక్నాలజీ చదివినవారు రేడియోధార్మిక మందులతో, పెట్ స్కానర్లతో పనిచేస్తారు. బయోమెడికల్ ఇంజినీర్లు పరికరాలు రూపొందిస్తారు, బాగుచేస్తారు. అన్నీ గౌరవమైన వృత్తులే. 2021 నాటి జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల చట్టం కూడా మెడికల్ ఫిజిసిస్టునూ, ఈ టెక్నాలజిస్టులనూ ఒకే వర్గం కింద, వేర్వేరు వృత్తులుగానే పేర్కొంది. ఆ కోర్సులు నడిపేవారు అబద్ధం చెప్పరు. చేరేవారే పేరులోని రేడియేషన్ అన్న మాట చూసి వేరే అర్థం చేసుకుంటారు. రెండేళ్లు చదివి, ఫీజు కట్టి, చివర ఆసుపత్రి ఇంటర్వ్యూలో నియంత్రణ మండలి అర్హత ఉందా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు తెలుస్తుంది.

మెడికల్ ఫిజిక్స్ అని స్పష్టంగా పేరున్న కోర్సు విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. ఆ కోర్సును నియంత్రణ మండలి గుర్తించిందా అని మండలి వద్దే చూసుకోవాలి, కళాశాల కరపత్రంలో కాదు. కొత్తగా మొదలైన కోర్సుకు గుర్తింపు వస్తుందన్న మాటకీ, వచ్చిందన్న మాటకీ మధ్య విద్యార్థి రెండేళ్లు ఇరుక్కుపోవచ్చు.

అడగాల్సిన ప్రశ్నలు

గుర్తింపు ఉందని తేలాక ఆసక్తికరమైన ప్రశ్నలు మొదలవుతాయి. కోర్సుకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రి ఏది, అక్కడ ఏ యంత్రాలున్నాయి? విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగంలో మాత్రమే నడిచే కోర్సులో క్వాంటం మెకానిక్స్ బలంగా ఉండొచ్చు, కానీ లీనియర్ యాక్సిలరేటర్ మీద చేయి పెట్టే రోజులు నెలకు ఒకటో రెండో ఉంటాయి. పగలంతా యంత్రం రోగులకే సరిపోతుంది. విద్యార్థులకు దొరికేది సాయంత్రం ఏడు తర్వాతో, ఆదివారమో. ఆ సమయంలో వెంట ఉండి నేర్పేవారెవరో అడగాలి. ఆసుపత్రిలో జీతం తీసుకుని పనిచేస్తున్న భౌతికశాస్త్రవేత్తలు పాఠం చెబుతున్నారా, లేక ఏటా నాలుగు అతిథి ఉపన్యాసాలతో సరిపెడుతున్నారా?

ఇంటర్న్‌షిప్ సంగతి అంతకంటే ముఖ్యం. కొన్ని చోట్ల కోర్సులో భాగంగానే ఏర్పాటు చేస్తారు, కొన్ని చోట్ల విద్యార్థే వెతుక్కోవాలి. భృతి ఇచ్చే ఆసుపత్రులున్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి. ఢిల్లీలో అద్దె, మెస్సు ఖర్చులతో ఏడాదిపాటు భృతి లేకుండా నెట్టుకురావడం మధ్యతరగతి కుటుంబానికి చిన్న విషయం కాదు. ఈ ఖర్చును కోర్సు ఫీజులో కలిపి లెక్కవేయాలి. గత మూడేళ్లలో చదివినవారు ఎక్కడ ఇంటర్న్‌షిప్ చేశారు, ఎందరు భద్రతాధికారి పరీక్ష నెగ్గారు అని అడిగితే మంచి విభాగం పేర్లతో సహా చెబుతుంది. ఉద్యోగావకాశాలు బ్రహ్మాండం అన్న జవాబు మాత్రమే వస్తే, అది జవాబు కిందకి రాదు.

ఢిల్లీ బలం ఇక్కడే ఉంది. ఎయిమ్స్‌లోని రోటరీ క్యాన్సర్ ఆసుపత్రి, హరియాణాలోని ఝజ్జర్ జిల్లాలో 2019లో జాతికి అంకితమైన జాతీయ క్యాన్సర్ సంస్థ, రోహిణిలోని రాజీవ్ గాంధీ క్యాన్సర్ సంస్థ వంటి పెద్ద కేంద్రాలు ఒకే నగర పరిధిలో ఉన్నాయి. కోర్సు ఎక్కడ చేసినా ఇంటర్న్‌షిప్‌కో ఉద్యోగానికో ఇటు రావచ్చు. తిమార్‌పూర్‌లో 1961లో మొదలైన రక్షణ పరిశోధన సంస్థకు చెందిన ఇన్మాస్ అణు వైద్యంలో, రేడియేషన్ ప్రభావాల మీద పరిశోధన చేస్తుంది. వసంత్‌కుంజ్ దారిలోని అంతర విశ్వవిద్యాలయ యాక్సిలరేటర్ కేంద్రంలో అయాన్ పుంజాలతో కణాల మీద ప్రయోగాలు జరుగుతాయి. చెన్నైలో 2019లో ప్రోటాన్ చికిత్స మొదలయ్యాక భారీ కణాల ప్రభావం మీద ఆసక్తి పెరిగింది. పరిశోధన వైపు వెళ్లాలనుకునేవారికి ఈ చోట్లు, ఐఐటీ ఢిల్లీ బయోమెడికల్ ఇంజినీరింగ్ కేంద్రం చూడదగ్గవి. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. వీటిలో పీహెచ్‌డీ చేసినంత మాత్రాన చికిత్సా విభాగంలో సంతకం పెట్టే అర్హత రాదు. ఆ రెండు దారుల్లో ఒకటి నడిచి ఉండాల్సిందే.

విదేశాల సంగతి

తెలుగు ఇళ్లలో పీజీ అనగానే అమెరికా మాట రాకుండా ఉండదు. అక్కడ కూడా గేటు ఒకటే, కాకపోతే తాళం వేరు. మెడికల్ ఫిజిక్స్ కోర్సులకు క్యాంపెప్ అనే సంస్థ గుర్తింపు ఇస్తుంది. అమెరికన్ బోర్డ్ ఆఫ్ రేడియాలజీ ధ్రువపత్రం కావాలంటే 2014 నుంచి క్యాంపెప్ గుర్తింపు పొందిన రెసిడెన్సీ తప్పనిసరి. ఇది మామూలుగా రెండేళ్లు. ఎమ్మెస్ సీట్ల కంటే రెసిడెన్సీ స్థానాల దగ్గరే పోటీ ఎక్కువ. కాబట్టి అమెరికా విశ్వవిద్యాలయం ర్యాంకు చూడటం కన్నా, అక్కడి విద్యార్థుల్లో ఎందరికి రెసిడెన్సీ దొరికిందో చూడటం మంచిది. గుర్తింపు పొందిన కోర్సులు ఈ వివరాలను బయటపెడతాయి. భారత్‌లో చేసిన ఏడాది ఇంటర్న్‌షిప్ అక్కడి రెసిడెన్సీకి బదులు కాదు. అక్కడ రెసిడెన్సీ దొరక్క తిరిగి వచ్చినవారికి ఇక్కడి ఆసుపత్రి ఉద్యోగానికి నియంత్రణ మండలి షరతులు వర్తిస్తాయి. ముప్పై, నలభై లక్షల అప్పు తీసుకునే ముందు ఈ రెండు వైపులా తలుపులు ఎలా మూసుకుంటాయో కుటుంబంతో కూర్చుని మాట్లాడుకోవాలి.

వెంకటేశ్వర కళాశాల పక్కనున్న మెట్రో స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. అక్కడ పింక్ లైన్ ఎక్కి, ఐఎన్ఏలో దిగి, యెల్లో లైన్‌లో ఒక్క స్టేషన్ పోతే ఎయిమ్స్. బీఎస్సీ చివరి ఏడాదిలో ఉన్నవారు, దరఖాస్తుల గడువులు మొదలయ్యేలోపు, ఏదైనా రేడియేషన్ చికిత్సా విభాగం అనుమతి ముందుగా రాతపూర్వకంగా తీసుకుని ఒక ఉదయం వెళ్లి రావచ్చు. మొదటి రోగి రాకముందే, ఏడు గంటల వేళ యంత్రం రోజువారీ తనిఖీ జరుగుతుంది. అక్కడ పనిచేసే జూనియర్ ఫిజిసిస్టు ఎక్కడ చదివారో, ఆ తొట్టెలో మొదటిసారి ఛాంబర్ పెట్టింది కోర్సు మొదలైన ఎన్నో నెలలోనో ఆయన్నో ఆమెనో అడిగితే సరి.